కాంటాకెక్కిన చక్రం

"కారు అమ్మేద్దాం" అని మల్లిక అన్న మాట దగ్గర కదా ఆగాం. ఆ మాటకు పరమేష్ వద్దనలేదు, సరేననీ అనలేదు. పెద్దగట్టు జాతర నుంచి తిరిగి వస్తుండగా, మల్లిక నడుపుతున్న కారు కల్వర్టు పక్కన గుంతలో పడింది. వెనక సీట్లో కూర్చున్న అత్త గుర్వమ్మకు నడుం పూస నలిగింది. ఆనాటి నుంచి ఆమె మంచం మీదే ఉంది. ఆనాటి నుంచే మల్లిక స్టీరింగ్ ముట్టుకోలేదు. షాద్‌నగర్‌లో తన సంపాదనతో తాను కొనుక్కున్న కారులో డ్యూటీకి పోయే మనిషి, ఇప్పుడు టిఫిన్ సంచీ పట్టుకుని కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడుతోంది. తప్పు ఆమెదేనని చుట్టాలంతా అన్నారు. ఆమె కూడా అదే నమ్మింది. అది పూర్తి నిజం కాదని తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. అతడు ఆమె మొగుడు పరమేష్.

ఆ ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ కేతేపల్లి పక్కనున్న సొంతూరికి వచ్చారు. కారు పరమేషే నడిపాడు. హాలియా నుంచి దివాకర్ అనే బడిపంతులు బండి చూడ్డానికి వస్తానన్నాడు. ఆయన ఫోన్లో ఒకటే మాట అడిగాడట: తర్వాత ఎక్కించిన పెద్ద చక్రాలు మాకొద్దు, బండితో వచ్చిన పాత చక్రాలుంటే అవే ఎక్కించి పెట్టండి అని.

"పాతవి దొడ్డిల ఉన్నయి గద. జాకీ తియ్యి" అంది మల్లిక, ఇంకా చెప్పులు విడవకుండానే.

పరమేష్ ఆమెకు అడ్డం వచ్చాడు. "ఎందుకే, గంత తొందరేంది? కేతేపల్లికి తీస్కపోతే పంచరు దుకాణపాయన అర్ధగంటల మార్చిస్తడు. ఎండల నువ్వెందుకు?"

"ఎండ నాకు కొత్తనా?" అని ఆమే డిక్కీ తెరిచింది.

పాత చక్రాలు గొర్ల దొడ్డిలో ఉన్నాయి. గడ్డివాము మీద కప్పిన టార్పాలిన్ గాలికి లేవకుండా పరమేష్ తండ్రి బీరన్న వాటిని నాలుగు మూలలా బరువుగా పెట్టుకున్నాడు. మందను తమ్ముడికి అప్పగించి ఆ పూట ఇంటిపట్టునే ఉన్న ముసలాయన, కోడలి మాట విని ఒక్కో చక్రాన్నీ దొర్లించుకుంటూ వాకిట్లోకి తెచ్చాడు. వాటికి పట్టిన మట్టిని కండువాతో దులిపాడు. కారు అమ్మడం ఆయనకు ఇష్టం లేదు. అయినా అందరితో అన్ని మాటలు పడ్డ కోడలికి ఎదురు చెప్పడానికి ఆయనకు మొహం చెల్లడం లేదు.

పరమేష్ ఇంకోసారి ఆపబోయాడు. "నువ్వు జరుగు, నేను ఇప్పుత" అని పానా అందుకున్నాడు. జాకీ ఎక్కించి, ముందు చక్రం నట్లు విప్పాడు. చక్రం ఊడి వస్తుంటే, పక్కకు పెడదామని మల్లిక రెండు చేతులూ చాపింది. అతడు వద్దనే లోపే పట్టుకుంది. పట్టుకున్న క్షణానే చేతులు కిందికి గుంజుకుపోయాయి. చక్రం జారి ఆమె కాలి బొటనవేలికి వెంట్రుకవాసి దూరంలో ధబ్బున పడింది.

"జర చూస్కో బిడ్డా!" అన్నాడు బీరన్న.

మల్లిక కింద పడిన చక్రం వంక చూసింది. నల్లటి రిమ్ము, కత్తుల్లాంటి పుల్లలు, దాని చుట్టూ బెత్తెడు కూడా లేని పలుచని టైరు. తర్వాత పక్కనున్న పాత ఇనుప చక్రం దగ్గరికి పోయి దాన్ని ఎత్తింది. అది మోకాలి దాకా లేచింది. కింద పెట్టింది. మళ్ళీ నల్ల చక్రాన్ని పట్టింది. అది పిక్క దాటలేదు.

"మామా, పిల్లలను తూచే కాంటా యాడుంది?"

గొర్రెపిల్లలను బేరగాళ్ళకిచ్చేటప్పుడు తూచే కాంటా దొడ్డి ముందరి దూలానికే వేలాడుతోంది. కోడలు ఎందుకడిగిందో బీరన్నకు అర్థం కాలేదు. అడగనూ లేదు. పాత చక్రానికి తాడు కట్టి కొక్కేనికి తగిలించాడు. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"పద్నాలుగున్నర కిలోలు" అన్నాడు.

"ఇగ గిది."

నల్ల చక్రాన్ని ఎక్కించడానికి మామ ఒక పక్క, కోడలు ఒక పక్క పట్టాల్సి వచ్చింది. పరమేష్ పానా పట్టుకుని జాకీ పక్కన గొంతుక్కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"పంతొమ్మిది" అన్నాడు బీరన్న. కళ్ళు చికిలించి మళ్ళీ చూశాడు. "పంతొమ్మిది దాటింది."

మల్లిక మొగుడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "తేలికయి అన్నవు."

జాతరకు ముందు షాద్‌నగర్ ఇంట్లో జరిగిన ముచ్చట అది. బండి పాత టైర్లు అరగడం మొదలయ్యాక, మారిస్తే చక్రాలతో సహా మారుద్దామని మల్లికే అంది. రోజూ డ్యూటీ నుంచి వచ్చాక ఫోన్ ముందేసుకుని ఏ చక్రం ఎంత బరువో, ఏ సైజుకు ఏ టైరు సరిపోతుందో చూసుకునేది. చక్రం తేలికైతే బండి చులాగ్గా కదులుతుంది, బ్రేకు తొందరగా పడుతుంది, టైరు కాస్త మందంగా ఉంటే గుంతల దెబ్బను అదే మింగుతుంది అని మొగుడికి విడమరిచి చెప్పింది. పాత సైజే, పద్నాలుగు అంగుళాలది, చూపుకు సాదాగా ఉన్నా బరువు తక్కువున్న సెట్టు ఒకటి ఎంచుకుంది. ఎక్కించాల్సిన రోజు తనకు సెలవు దొరక్క, ఎక్కించుకురమ్మని మొగుణ్ణి పంపింది. అతడు పదహారు అంగుళాల నల్ల చక్రాలతో తిరిగి వచ్చాడు. నువ్వు చెప్పినవి దొరకలేదు, చూడ్డానికి పెద్దగున్నా ఇవి వాటికన్నా తేలిక అన్నాడు. ఆమె నమ్మింది. మొగుడు చెప్పిన దాన్ని తూకం వేసి చూడాలని ఏ పెళ్ళానికి తోస్తుంది?

ఇప్పుడు ఆ కళ్ళు పరమేష్ మీదే ఉన్నాయి.

"దుకాణపాయన గట్లనే చెప్పిండు" అన్నాడు. "తేలికయే అన్నడు. నాకేం ఎర్క?"

ఆ మాట నోరు దాటిన వెంటనే అతడికే అసహ్యం వేసింది. కానీ దాటిపోయింది.

బీరన్న ముఖం మారిపోయింది. "ఎవడాడు?"

"సూర్యాపేటల... ఐలేశం."

"ఐలేశమా? మన ఎల్లస్వామి అల్లుడా?" ముసలాయన బనీను జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇంటి చుట్టమని పోతే గింత మోసం జేస్తడా? నా ముసల్దాని నడుం ఇరగ్గొట్టిండు. నా కోడలికి నలుగురిల తలెత్తకుండ జేసిండు. ఇయ్యాల వాని దుకాణం ముంగట కూసుంట. వానికి పిల్లనిచ్చిన ఎల్లస్వామినే అడుగుత ముందుగాల."

ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అవతల మోగుతున్న చప్పుడు పరమేష్‌కు వినపడుతూనే ఉంది. ఐలేశం ముఖం కళ్ళ ముందు ఆడింది. ఆ రోజు దుకాణంలో ఐలేశం ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ‘తమ్మీ, మీ ఆమె చెప్పిన పద్నాలుగే నీ బండికి మంచిగుంటయి, గీ పదహారువి చూపుకే, బరువెక్కువ, టైరు పలుచన, గుంతల పడ్తే దెబ్బంత లోపలోళ్ళ నడుముకు కొడ్తది’ అని. బిల్లు రాసే ముందు మళ్ళీ అడిగాడు. ‘ఇంట్ల ఒకసారి ఫోన్ చేసి అడుగు’ అని. ఇంట్లో నేను చెప్పిందే జరుగుతుంది, ఎక్కించు అన్నాడు పరమేష్, దుకాణంలో ఉన్న నలుగురికీ వినపడేలా.

"ఆఁ, ఎల్లస్వామీ, నేను బీరన్నను..."

పరమేష్ లేచి ఒక్క అంగలో తండ్రి చేతిలోని ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

"ఐలేశం ఏం చెయ్యలే నాయినా. వద్దనే చెప్పిండు. నేనే ఎక్కించుకున్న. తేలికయి అని మల్లికకు అబద్ధం చెప్పింది నేనే."

దొడ్డిలో మిగిలిన ఒక ఈనిన గొర్రె ఒకసారి అరిచి ఊరుకుంది.

"ఎందుకు?" అంది మల్లిక.

ఎందుకో చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఏదైనా పెద్ద కారణం ఉంటే బాగుండుననిపించింది అతడికి. "మా అక్కోళ్ళ పరశురాములు బావ కారుకు గసువంటియే ఉన్నయి. పోయినసారి జాతరల అందరు ఆ కారు చుట్టే తిరిగిర్రు. ఫొటోలు దిగిర్రు. మన కారు పక్కకుంటే ఎవ్వరు చూడలే. గంతే."

"గంతే" అని ఆమె మెల్లగా అంది.

బీరన్న కాంటా దగ్గరికి పోయి చక్రాన్ని కొక్కెం నుంచి తప్పించాడు. ఒక్కడే మోసి, చప్పుడు కాకుండా కింద పెట్టాడు. కొడుకు వైపు చూడకుండానే అన్నాడు. "సంతల పిల్లలను అమ్మిన్నాడు గూడ గీ కాంటా మీద ఏలు పెట్టలేర నేను. పస్తున్ననాడు గూడ పెట్టలే." కండువా భుజాన వేసుకుని దొడ్డి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. తండ్రి తన్ని ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

మల్లిక పాత చక్రం మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"మలుపుల కాడ టైరు లోపల గీస్కపోతున్న చప్పుడైతాంది అని నీకు చెప్పిన, యాదికుందా? నువ్వేమన్నవ్?"

పరమేష్‌కు గుర్తుంది.

"స్టీరింగ్ తిప్పుడు నాకు సరిగ్గ అస్తలేదన్నవు. బండి ముందటి లెక్క కదుల్తలేదు అంటే, క్లచ్ తప్పు తొక్కుతున్ననన్నవు. నిజమే గావచ్చు అనుకున్న. రోజు నడిపే బండిని నేనే మర్చిపోతున్ననా అని భయమయ్యింది. గా గుంతల పడ్డంక ఇగ నాకు ఏ అనుమానం లేకుండె." ఆమె చేతులకంటిన గ్రీజును చూసుకుంది. "దవాఖానల పరశురాములన్న అందరి ముంగట ఏమన్నడు? ఆడోళ్ళ చేతికి స్టీరింగిస్తే గింతే అన్నడు. వదినె తన పిల్లలను నా కారు ఎక్కనియ్యనన్నది. నువ్వు గోడకు ఒరిగి ఫోన్ చూస్కుంట నిలబడ్డవు."

"మల్లికా..."

"గదన్న పోనీ. ఇంటికొచ్చినంక నా నెత్తి మీద చెయ్యేసి ఏం చెప్పినవు? బాధపడకు, కొందరికి డ్రైవింగ్ అబ్బది అన్నవు. ఎంత మంచిగ చెప్పినవు! నాకు ఎవరు లేకున్న నువ్వున్నవు అనుకున్న."

అది నిజమే. ఆ రోజు ఆమె తల మీద చెయ్యి వేసినప్పుడు పరమేష్‌కు తన మీద తనకే కాస్త గౌరవం కూడా కలిగింది. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. దవాఖాన వరండాలో అందరి చూపులూ మల్లిక మీదికి తిరిగినప్పుడు అతడికి ప్రాణం తేలికపడింది. నా దాకా రాలేదు, బతికాను అనుకున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలియకపోయినా, ఇప్పుడామె ముందు తన బట్టలెవరో లాగేసినట్టు నిలబడ్డాడు.

"గుంతను చూడకపోవుడు నా తప్పు" అంది ఆమె. "ఎదురుంగ లారీ లైట్లు కొట్టినా, జర ముందుగాల్నే చూడాల్సుండె. అది నాకే ఉంచు. నాకు కాని తప్పును నా నెత్తి మీదికెల్లి తియ్యి. వదినె, అన్న వస్తున్నరు గద అత్తమ్మను చూడనీకి. వాళ్ళ ముంగట తియ్యి. నేనైతే చెప్ప. నువ్వే చెప్పాలె."

ఆమె లేచి పానా తీసుకుంది. పాత చక్రాన్ని తానే ఎత్తి, బోల్టులకు సరిచేసి తగిలించి, నట్లు బిగించడం మొదలుపెట్టింది. అతడు సాయానికి చెయ్యి చాపితే, ఆ చెయ్యి అక్కడ లేనట్టే తన పని తాను చేసుకుంది.

"పరమేషా..." అని లోపల్నుంచి పిలుపు.

లోపలి గదిలో మంచం మీద గుర్వమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. నడుముకు బెల్టు. కిటికీలోంచి వాకిలి కనపడదు గానీ మాటలన్నీ వినపడతాయి. కొడుకు దగ్గరికి రాగానే మణికట్టు పట్టుకుంది.

"అమ్మా, నాదే తప్పు. నీ నడుం..."

"సప్పుడు జెయ్యకు" అంది ఆమె గుసగుసగా. "అల్లుని ముంగట చెప్పకు. విన్నవా? అక్కకు దాని అత్తగారింట్ల ఏం ఇజ్జత్ ఉంటది? నీ తమ్ముడు కన్నతల్లి నడుం ఇరగ్గొట్టిండని రోజు పొడుస్తరు. మల్లిక మీద ఎట్ల పడ్డదో అట్ల పడ్డది. అందరు మర్చిపోతనే ఉన్నరు. ఆమె మంచి పిల్ల, ఓర్సుకుంటది."

పరమేష్ తల్లి ముఖం చూశాడు. ఈ రెండు నెలల్లో ఎప్పుడు సెలవు దొరికినా వచ్చి ఆమెకు నీళ్ళు పోసింది, పక్క మార్చింది, నూనె పెట్టి కాళ్ళు పిసికింది మల్లికే. చేస్తున్నంతసేపూ తల వంచుకునే చేసింది. ఓర్చుకుంటుందనే కదా తానూ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తన మనసులోని మాటే తల్లి నోట్లోంచి వినేసరికి ఎంత రోతగా ఉందో అప్పుడు తెలిసింది.

వాకిట్లో హారన్ మోగింది. పరశురాములు కారు.

పరమేష్ బయటికి వచ్చేసరికి అక్క మల్లీశ్వరి పండ్ల సంచీతో దిగుతోంది. పరశురాములు అప్పటికే మల్లిక దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. "ఏం చెల్లే, అమ్ముతున్నరట గద! మంచి పని. నీకు బస్సే నయం. జర నట్లు గట్టిగ బిగియ్యి, కొన్నోనికన్న ఏం గావద్దు."

మల్లిక పానా తిప్పుతూనే ఉంది. తలెత్తలేదు. ఆమె మెడ మీద చెమట, చెవి పక్క గ్రీజు మరక. ఎవరి వైపూ చూడకపోయినా ఆమె చెవులు ఎటున్నాయో పరమేష్‌కు తెలుసు.

"బావా, జర ఆగు" అన్నాడు. "నవ్వకు బావా. ఆ దినం అమ్మ నడుం ఇరిగింది మల్లిక డ్రైవింగ్‌తోని కాదు."

"పరమేషా!" అని లోపల్నుంచి గుర్వమ్మ. అతడు ఆగలేదు. ఆగితే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. మల్లిక ఏం ఎంచుకుందో, తానేం ఎక్కించాడో, ఐలేశం ఏం చెప్పాడో, తానేం అబద్ధమాడాడో చెప్పాడు. ఇంతకుముందే ఐలేశం మీదికి తోసెయ్యబోయిన సంగతి కూడా దాచలేదు. "నీ కారు లెక్క కనపడాలని పెట్టిన బావా. దవాఖానల నువ్వు మల్లికను అంటుంటే నాకు ఎర్కుండి గూడ సప్పుడు చెయ్యలే." చెబుతున్నంతసేపూ నేలనే చూశాడు. చెప్పాక తల ఎత్తుదామంటే ఎత్తలేకపోయాడు.

పరశురాములు నవ్వు పోయింది. తన కారు చక్రాల వైపు ఒకసారి చూసుకున్నాడు. మల్లీశ్వరి పండ్ల సంచీని అరుగు మీద పెట్టింది. "ఇన్ని దినాలాయె తమ్మీ... నేను ఆమెను ఎన్ని మాటలంటి!" అని, మరదలి వైపు ఒక అడుగు వేసి అక్కడే ఆగిపోయింది.

చెప్పేస్తే గుండె తేలికపడుతుందని పరమేష్ అనుకున్నాడు. పడలేదు.

మల్లిక చివరి చక్రం దాకా తన పని తాను కానిచ్చింది. జాకీ దించింది. చేతులు తుడుచుకుని, మొగుడి ముందుకొచ్చి అరచెయ్యి చాపింది. అతడు తాళంచెవి తీసి ఇచ్చాడు.

"హాలియా సారుకు ఫోన్ చేసి రావద్దని చెప్పు. బండి అమ్ముతలేను."

డ్రైవర్ సీట్లో కూర్చుంది. రెండు నెలల తర్వాత స్టీరింగ్ మీద ఆమె చేతులు పడ్డాయి. ఇంజన్ మోగింది.

"యాడికి?" అన్నాడు.

"షాద్‌నగర్‌కు."

"నేను గూడ వస్త."

"నిన్ను రమ్మన్లే."

గేరు వేయబోతుండగా మల్లీశ్వరి "అయ్యో అమ్మా!" అని కేక పెట్టింది. అందరూ వెనక్కి తిరిగారు. వసారా గుంజ పట్టుకుని, చెమటలు కారుతున్న ముఖంతో గుర్వమ్మ నిలబడి ఉంది. ఒకరి ఆసరా లేకుండా మంచం దిగి బయటికి వచ్చింది. కూతురు పరుగెత్తి పట్టుకోబోతే ఆ చెయ్యి నెట్టేసింది. ఆమె చూపు కారు మీదే ఉంది.

"కోడలా" అంది. "ఇందాక నా కొడుకుకు నేనేం చెప్పిన్నో నువ్వు ఇన్నవు గావచ్చు. సిగ్గిడిసి అడుగుతున్న. నేను నీ ఎంబడి వస్త. గా వెనక సీట్లనే కూసుంట. నన్ను తీస్కపోతవా?"

ఇంజన్ ఆడుతూనే ఉంది. మల్లిక చెయ్యి గేరు మీద ఉంది. ఆమె అత్త వైపు తిరిగి చూడలేదు. ఎదురుగా, బాటకేసి చూస్తోంది.